ముగ్గురి డబ్బు, ఒకే డయాలసిస్ పేషెంటు
ట్రస్టులు, విరాళాల లెక్కలపై మీ ప్రశ్నలకు ఆడిటర్ జవాబులు

ప్రశ్న: ఆడిటర్ గారూ, మాది సోంపేట వైపు. మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం విశాఖలో చిన్న ట్రస్టు పెట్టుకున్నాం. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి కుటుంబానికి మరో ట్రస్టు ఉంది. అమెరికాలో స్థిరపడిన మా ఊరివాళ్లు కూడా డబ్బు పంపుతామంటున్నారు. అందరం కలిసి ఉద్దానంలో డయాలసిస్‌కి వెళ్లే పేదలకు సాయం చేద్దామని. డబ్బంతా మా ట్రస్టు ఖాతాలో వేసుకుని, ఇక్కడ పనిచేసే స్వచ్ఛంద సంస్థకు ఇవ్వొచ్చా? లేక అందరికీ కలిపి కొత్త ట్రస్టు పెట్టాలా?
- ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: కొత్త ట్రస్టు వద్దండీ. కొత్త పాన్, కొత్త 12ఎ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్), కొత్త 80జి (దాతలకు పన్ను రాయితీ ఇప్పించేది), ఏటా ఇంకో ఆడిట్. ఈ సలహాతో నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను కాబట్టి నమ్మొచ్చు.

డబ్బంతా మీ ఖాతాలోకి తెచ్చుకోవడం కూడా కుదరదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే మీ ట్రస్టుకే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నా, 2020 సెప్టెంబరు సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు, తీసుకునేవాళ్లకు ఎఫ్‌సీఆర్ఏ ఉన్నా సరే. అంతకుముందు పెద్ద సంస్థ తెచ్చి చిన్న సంస్థలకు పంచే పద్ధతి నడిచింది. ఇప్పుడు ఆ దారి మూసేశారు. అందుకని అమెరికా డబ్బు నేరుగా ఊళ్లో పనిచేసే సంస్థకే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దానికున్న ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే రావాలి. ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఇక మీ రెండు ట్రస్టుల డబ్బు. ట్రస్టు నుంచి ట్రస్టుకు ఇవ్వొచ్చు. కానీ 2023 బడ్జెట్ మార్పు ప్రకారం మీరు 100 రూపాయలు ఇస్తే ఆదాయపన్ను లెక్కలో 85 మాత్రమే ఖర్చు కింద తీసుకుంటారు. పలాస వాళ్లు మీకిచ్చి, మీరు మళ్లీ సంస్థకిస్తే ఆ కోత రెండుసార్లు. ఎవరికి వారు నేరుగా సంస్థకే ఇవ్వండి. మధ్యలో చేతులు ఎన్ని తగ్గితే అంత మంచిది.

మరి కలవడం ఎక్కడ? కాగితం దగ్గర. అందరికీ కలిపి ఒకే ఒప్పంద పత్రం, ఒకే దరఖాస్తు ఫారం, మూడు నెలలకోసారి ఒకే రిపోర్టు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నేను ఆడిట్ చేసిన ఒక సంస్థలో ఒకే పేషెంటు పేరు మీద మూడు ఫైళ్లున్నాయి, దాతకొకటి చొప్పున. మూడు ఆధార్ జిరాక్సులు, మూడు ఆదాయ ధ్రువపత్రాలు, మూడు ఫొటోలు. ఒక ఫొటోలో ఆవిడ చేతిలో చెక్కు, ఇంకోదాంట్లో బియ్యం బస్తా, మూడోదాంట్లో అరటిపళ్ల గెల. మూడింట్లోనూ డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చేతికి అంటించిన ప్లాస్టర్ అలాగే ఉంది, అంటే డయాలసిస్ మంచం దిగిన మనిషిని దిగినట్టే బ్యానర్ ముందు నిలబెట్టారన్నమాట. అన్నట్టు, డయాలసిస్ పేషెంట్లకు పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు. అరటిపళ్లు, కొబ్బరినీళ్లు డాక్టరు వద్దంటారు. కొబ్బరి తోటల సీమలో బొండాలు పంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి పంచకండి.

ఏం కొనాలన్నది కూడా కలిసి తేల్చుకోండి. డయాలసిస్ సర్కారు కేంద్రాల్లో ఉచితం, పేషెంటుకు నెలకు 10 వేల పింఛను ఉంది, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. కష్టమంతా ఇంటికీ ఆ మంచానికీ మధ్య దారిలో ఉంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. దిగాక కళ్లు తిరుగుతాయి, బస్సు ఎక్కలేరు. తోడొచ్చినవాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే. కాబట్టి ఆటో మాట్లాడండి. ఒకే షిఫ్టు పేషెంట్లు ముగ్గురు, నలుగురికి కలిపి నెలకింత అని. "బిల్లు లేకపోతే డబ్బు ఇవ్వం" అని మాత్రం పట్టుబట్టకండి. ఆటో అతను బిల్లెక్కడ తెస్తాడు? తేదీ, ఎక్కినవాళ్ల సంతకాలు లేదా వేలిముద్రలు ఉన్న వోచరు చాలు, ఆడిటర్లం ఒప్పుకుంటాం.

ఇవన్నీ చూసుకునే అమ్మాయికి జీతం ఎవరిస్తారు? ఈ ప్రశ్న వచ్చేసరికి దాతలందరూ ఫోను చూసుకుంటారు. విదేశీ డబ్బులో ఆఫీసు ఖర్చులకు 20 శాతమే పరిమితి, అంతకుముందు 50 ఉండేది. అందుకే ఆటో ఖర్చు అమెరికా డబ్బులోంచి, జీతం మీ రెండు ట్రస్టుల డబ్బులోంచి అని పంచుకోండి. ఎలాగూ విదేశీ డబ్బును ఇక్కడి డబ్బుతో ఒకే ఖాతాలో కలపకూడదు. జీతాలకు ఇవ్వడం దండగ అంటారా? ఎడెల్‌గివ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 2021లో తెచ్చిన గ్రో ఫండ్‌లో చాలామంది దాతలు కలిశారు. 100 చిన్న సంస్థలకు, రెండేళ్లపాటు, 100 కోట్లు అన్నది లక్ష్యం. ఆ డబ్బు ఉద్దేశమే సంస్థ నిలబడటానికి కావలసిన ఇలాంటి ఖర్చులు.

ప్రశ్న: నేను దోహాలో ఉద్యోగం చేస్తున్నాను, ఇండియన్ పాస్‌పోర్టే. మా బావగారు అమెరికా పౌరుడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంది. ఇద్దరం కలిపి మా ఊరి వృద్ధాశ్రమానికి ఇవ్వాలనుకుంటున్నాం. వాళ్లకు ఎఫ్‌సీఆర్ఏ లేదు.
- ఒక పాఠకురాలు, దోహా

జవాబు: మీరు ఇవ్వొచ్చమ్మా, ఆయన ఇవ్వకూడదు. భారత పౌరులు విదేశంలో ఉన్నా, సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు ఉన్నా బావగారు విదేశీయుడే. ఆయన వాటా మీ ఖాతాలో వేయించుకుని పంపేద్దాం అనుకుంటున్నారేమో, అది మీ పొదుపు కాదు కదా. ఇరుక్కునేది ఆశ్రమం వాళ్లు. మీ పాస్‌పోర్టు కాపీ ఒకటి వాళ్లకు పంపి ఉంచండి.

ప్రశ్న: మా కంపెనీ, పక్క కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు కలిపి వికలాంగ పిల్లల హాస్టల్ నడపొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిరభ్యంతరంగా. సీఎస్ఆర్ నిబంధనల్లోనే ఆ వీలుంది, ఎవరి ఖర్చు వాళ్లు విడిగా చూపించగలిగితే చాలు. హాస్టల్ నడిపే సంస్థకు సీఎస్ఆర్-1 నంబరు (సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా సర్కారు దగ్గర నమోదు), 12ఎ, 80జి, కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. వంటమనిషి జీతం ఏ కంపెనీ పద్దులోకి వెళ్తుందో పిల్లలు చేరకముందే రాసుకోండి.