నల్ల రైఫిల్ మీద మనసు పడ్డ అల్లుడికి

కావలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "అన్నా, వీడు తుపాకీ కొంటానంటున్నాడు, నువ్వే కాస్త చెప్పు" అని ఒకటే గాభరా. ఆ రాత్రే నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. పిస్టల్ పట్టు, పైన సామాను తగిలించుకునే పళ్లు పళ్ల రెయిలు, చూడగానే మిలిటరీ వాళ్లదనిపించే నల్లటి .22 రైఫిల్ (గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో .22 వంతు అన్నమాట). పాతికవేలు దాచుకున్నాననీ, అందులో ఇలాంటిది వస్తుందా అనీ అడిగావు. నేను కోప్పడటానికి రాయడం లేదు. ఇరవై రెండేళ్లు ఎన్‌సీసీ పిల్లల్ని ఫైరింగ్‌కి తీసుకెళ్లినవాణ్ణి, ఈ మోజు సంగతి నాకు తెలియందేం కాదు. ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ముందు నీకు నచ్చిన వస్తువు ఏమిటో చూద్దాం. వీడియోలో ఉన్నది స్మిత్ అండ్ వెసన్ వాళ్ల ఎం అండ్ పీ 15-22. అమెరికాలో 2009లో వచ్చింది. చూడటానికి అక్కడి మిలిటరీ రైఫిల్‌ని పోలిన ఏఆర్-15 లాగే ఉంటుంది గానీ లోపల పేలేది చిన్న .22 తూటా. ఒళ్లంతా ఎక్కువ భాగం ప్లాస్టిక్ కాబట్టి రెండున్నర కిలోల లోపే తూగుతుంది. మ్యాగజైన్‌లో 25 తూటాలు పడతాయి. రెండో వీడియోలోది రూగర్ 10/22. అది 1964 నుంచీ ఉన్న పాత కాపు. పది తూటాల గుండ్రటి మ్యాగజైన్ లోపలే ఇమిడిపోతుంది. భుజానికి ఆనించే కర్ర బట్ తీసేసి నల్ల ప్లాస్టిక్ తొడిగితే అదీ మిలిటరీ వేషం కడుతుంది. పేలినప్పుడు వెనక్కి తన్నడం తక్కువ, తూటా చౌక కాబట్టి అక్కడివాళ్లు మొదటి రైఫిల్‌గా ఇలాంటివి కొనుక్కోవడంలో తప్పేం లేదు.

తూటా ఎందుకు చౌకో కూడా తెలుసుకో. పెద్ద తూటాల్లో మందును అంటించే రసాయనం అడుగున మధ్యలో ఒక చిన్న గిన్నెలో ఉంటుంది. .22లో అది చుట్టూ అంచు మడతలో ఉంటుంది. సూది ఆ అంచు మీద కొడితే పేలుతుంది. అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. తయారీ సులువు, ఖర్చు తక్కువ. కాకపోతే ఆ అంచులో ఎక్కడైనా రసాయనం సరిగా పరుచుకోకపోతే కొట్టినా పేలదు. పేలిన ఖాళీ తొడుగును మళ్లీ నింపుకోవడమూ కుదరదు.

మూడేళ్ల కిందట డాలస్‌లో మీ బావ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ 15-22ని దగ్గర నుంచి చూశాను. వాడు అక్కడి పౌరుడు, కొనుక్కున్నాడు. నేను మాత్రం ముట్టుకోలేదు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ పట్టుకుంటే, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హెచ్-1బి మీద ఉన్న మన పిల్లలకూ అంతే. ఈ సంగతి తెలియకుండా సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఫొటోలు దిగేవాళ్లు ఉన్నారు. చెవులు మూసుకుని వెనకాల నిలబడి చూశాను. చౌక తూటాల డబ్బా ఒకటి తెచ్చాడు మీ బావ. రెండు మ్యాగజైన్లు అయ్యేలోగా మూడుసార్లు ఇరుక్కుంది. ఒకసారి టక్‌మని సూది కొట్టింది, పేలలేదు. వాడు వెంటనే తూటాను బయటికి లాగే బోల్ట్ లాగబోతే గట్టిగా అరిచాను. పేలని తూటా ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. తర్వాతే తియ్యాలి. మా ఎన్‌సీసీ పిల్లలకు మొదటి రోజు చెప్పే పాఠం అది. వెయ్యి డాలర్ల సరంజామా పెట్టుకున్నవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఎంత చిన్నదైనా .22 మన దగ్గర తుపాకీయే. 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు దానికి వర్తిస్తాయి. 21 ఏళ్లు నిండాలి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి, శిక్షణ సర్టిఫికెట్ చూపాలి, కలెక్టరు ఆఫీసులో ఫైలు కదలాలి. తుపాకీ ఎందుకు కావాలి అన్నచోట ఏం రాస్తావు? వీడియోలో బాగుంది అని రాయలేవు గదా. వచ్చినా, ఎన్నికలప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవాల్సి వస్తుంది. నువ్వు చూసిన ఆ విదేశీ రైఫిళ్లను మామూలు లైసెన్సుదారు బయటి నుంచి తెప్పించుకునే దారి లేదు. జాతీయ స్థాయి షూటర్లకే ఆ వెసులుబాటు. ఇక్కడ కొత్తది కొనాలంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .22 లాంటిది చూసుకోవాలి. అది బోల్ట్ యాక్షన్. ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తొయ్యాలి. వేషం ఏమీ ఉండదు, పాత స్కూలు మాస్టారిలా ఉంటుంది. నాకైతే అదే ఇష్టం. కానీ నీ పాతికవేలకు అదీ రాదు.

అందుకని నా మాట విను. ముందు .177 ఎయిర్ రైఫిల్ కొను. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జూల్స్ దాటకుండా ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి, బిల్లు తీసుకుని తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. ఎయిర్ రైఫిళ్లలోనూ .22 సైజు ఉంటుంది. "గాలి తుపాకీయే గదా" అని అది కొంటే మళ్లీ లైసెన్సు గొడవే. పెట్టె మీద "వెయ్యి అడుగుల వేగం" అని పెద్ద అక్షరాలతో రాసినదాన్ని చూసి మురిసిపోకు. అలాంటి అంకెలు చాలావరకు బాగా తేలిక పెల్లెట్ (గాలి తుపాకీలో వేసే చిన్న గుండు) వేసి కొలిచినవి. మామూలు అర గ్రాము సీసం పెల్లెట్ నిజంగా ఆ వేగంతో పోతే 20 జూల్స్ దాటిపోతుంది, లెక్క వేసి చూసుకో. ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల రైఫిల్ పెల్లెట్‌ని సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వేగంతోనే పంపుతుంది. 2008లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కంచు తెచ్చింది అంత నెమ్మది పెల్లెట్లతోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క ఎంతుంటుందో తెలుసా? అర మిల్లీమీటరు. పెన్ను మొన ఆనిస్తే పడే చుక్క.

టాక్టికల్ రూపం, అంటే ఆ మిలిటరీ వేషం, పూర్తిగా పనికిరానిదని అనను. బట్ పొడవు సర్దుకునే వీలుంటే మంచిదే. చెంప ఆనించే చోటు పైకీ కిందికీ జరిగితే ఇంకా మంచిది, స్కోప్ (గురి చూసే దుర్బిణి) పెట్టినప్పుడు మెడ చాచక్కర్లేదు. పిస్టల్ పట్టు కొందరి మణికట్టుకు సుఖంగా ఉంటుంది. మిగతాదంతా నాటకం సామాను. ముందు తగిలించే ఉత్తుత్తి సైలెన్సరు, టార్చిలైటు, లేజరు, ఆ కాళ్ల స్టాండు. స్ప్రింగు రైఫిల్‌కి, అంటే స్ప్రింగు బలంతో గాలిని నొక్కి పెల్లెట్‌ని పంపే ఎయిర్ రైఫిల్‌కి, కాళ్ల స్టాండు పెడితే గురి కుదరడం మాట అటుంచు, చెడుతుంది. ఎందుకో చెబుతా. స్ప్రింగు రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే రైఫిల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ప్రతిసారీ ఒకే తీరుగా ఊగితే పెల్లెట్లు ఒకేచోట పడతాయి. గట్టిగా బిగించి పట్టినా, గట్టి వస్తువు మీద ఆనించినా ఆ ఊగుడు మారిపోతుంది. ఎడమ అరచేతిని బల్లపరుపుగా చాచి, కోడిపిల్లని పెట్టుకున్నట్టు దాని మీద రైఫిల్ పెట్టు. వేళ్లు ముడవకు. బట్‌ని భుజానికి ఊరికే తగిలించు. మొదట్లో నమ్మబుద్ధి కాదు. ఐదు పెల్లెట్లు అలా, ఐదు పెల్లెట్లు బిగించి కొట్టి చూడు, కాగితమే చెబుతుంది.

షాపులో చెయ్యాల్సిన పరీక్ష పెద్దదేం కాదు. ఖాళీగా ఉందని నీ కళ్లతో చూసుకున్నాక, మోచెయ్యి మడిచి బట్‌ని ఆ మడతలో ఆనించు. వేలు ట్రిగ్గర్‌కి సుఖంగా అందాలి. అందకపోతే అది నీకు పొడవు. తర్వాత భుజానికి ఎత్తి నిమిషం సేపు గోడ మీద ఒక చుక్క వైపు పట్టుకో. స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోలు నిమిషం తర్వాత ఏమవుతాయో నీ చేతికే తెలుస్తుంది. గొట్టం విరిచి స్ప్రింగు ఎక్కించి చూడు. వరసగా ముప్పై సార్లు ఎక్కించగలవనిపించాలి, ఎందుకంటే ప్రాక్టీసంటే రోజుకు అంతకన్నా ఎక్కువే. పెల్లెట్ లేకుండా మాత్రం ట్రిగ్గర్ నొక్కకు. ముందు గాలి దిండు లేక పిస్టన్ వెళ్లి గుద్దుకుంటుంది, సీలు పోతుంది. షాపువాడే అలా పేల్చి చూపిస్తుంటే ఆ పీసు వద్దని చెప్పు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబితే నీకు నాలుగు వేలు మిగులుతాయి. రిటైరైన కొత్తలో సిటీలో ఒక షాపులో స్కోప్‌తో కలిపి సెట్టు అని అమ్మితే కొన్నా. రెండు వారాలు బ్రహ్మాండంగా ఉంది. మూడో వారం పెల్లెట్లు ఎడమకు పోతున్నాయి. మరలు తిప్పుతా, మళ్లీ పోతాయి. నా కళ్లే పోయాయనుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను! చివరికి చూస్తే స్కోప్ లోపల గీతలే వదులై ఊగుతున్నాయి. స్ప్రింగు రైఫిల్ రెండువైపులా కుదుపుతుంది కాబట్టి మామూలు స్కోప్ తట్టుకోలేదు. స్ప్రింగు రైఫిల్‌కని చేసినదే కావాలి, దగ్గరి దూరానికి ఫోకస్ సర్దుకునేది కావాలి. వంద గజాలకు కుదిర్చిన స్కోప్‌లో పది మీటర్ల చుక్క మసకగా కనిపిస్తుంది. అంత పెట్టలేకపోతే స్కోపే వద్దు. రైఫిల్ మీదే ఉండే ఇనుప సైట్లతో గురి చూసి ఆర్నెల్లు కొట్టు. కాలేజీలో మా పిల్లలు 25 మీటర్ల రేంజ్‌లో నేల మీద పడుకుని, ఇనుప సైట్లతోనే ఐదు తూటాలూ అరచేతి వెడల్పులో వేసేవాళ్లు.

నీ పాతికవేలలో రైఫిల్‌కి పదిహేను వేలు దాటనివ్వకు. మిగతాది పెల్లెట్లకీ, కళ్లద్దాలకీ, మోసుకెళ్లే సంచికీ ఉంచు. పెల్లెట్లు మొదట మూడు నాలుగు రకాలు చిన్న డబ్బాలు తెచ్చుకో. ఒకే రైఫిల్ ఒక రకాన్ని రూపాయి బిళ్లంత చోట వేస్తుంది, ఇంకో రకాన్ని అరచేయంత చెల్లాచెదురు చేస్తుంది. నీ దానికి ఏది నచ్చిందో తేలాక అదే తెచ్చుకో. మన సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. కొట్టడం అయ్యాక వేలిముద్రలు పోయేలా నూనె గుడ్డతో తుడువు. పెల్లెట్లు సీసం కాబట్టి చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టు.

మిద్దె మీద కొట్టుకుంటానన్నావు. పిట్టగోడకు టార్గెట్ అంటించి మాత్రం కొట్టకు. సిమెంటు గోడకు తగిలిన పెల్లెట్ తిరిగొచ్చి నీ కంట్లోనే పడుతుంది. చెక్కపెట్టె నిండా పాత పేపర్లు కుక్కి, దాని వెనక మందపాటి పలక పెట్టి, దాని ముందు టార్గెట్ అంటించు. మీ నాన్నకీ తమ్ముడికీ చెప్పకుండా మొదలుపెట్టకు. మెట్ల తలుపు గడియ వేసుకో.

ఇంకొకటి. మీ రొయ్యల గుంటల మీద నీటికాకులు వాలుతున్నాయని మీ నాన్న గోల పెడుతున్నాడు, నాకు తెలుసు. ఈ రైఫిల్ ఇంట్లోకి రాగానే ఆయన నోట ఆ మాట వస్తుంది. వద్దు. నీటికాకి గానీ కొంగ గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. గుంటల మీద తీగలు కట్టుకోండి, వల పరుచుకోండి. అవసరమైతే నా పేరు చెప్పు, నేనే మాట్లాడతా మా బావతో. వీధి కుక్కల జోలికీ పోకు.

నల్ల రైఫిలే కొన్నావనుకో, బండి మీద భుజాన తగిలించుకుని నెల్లూరు రోడ్డెక్కకు. అది గాలిదో మందుదో యాభై గజాల నుంచి ఏ కానిస్టేబులూ చెప్పలేడు. సంచిలో పెట్టి, బిల్లు జేబులో ఉంచుకుని వెళ్లు. పెళ్లి ఊరేగింపులో పట్టుకుని రీల్సు తియ్యడం లాంటివి నా చెవిన పడితే నేనే స్టేషన్‌కి ఫోన్ చేస్తా, చెప్పలేదనకు.

ఏడాది ఇలా కొట్టాక కూడా మోజు తీరకపోతే, రైఫిల్ క్లబ్బులో చేరి పోటీల్లో దిగు. అప్పుడు .22 లైసెన్సుకి నేనే వెంట వస్తా. క్రీడ కోసమని రాసినప్పుడు చేతిలో స్కోరు కార్డులుంటే మాటకు బలం ఉంటుంది.

అంతదాకా డబ్బు బ్యాంకులోనే ఉంచి, ముందు ఆదివారం మా ఇంటికి రా. నా పాత రైఫిల్ ఉంది, స్కోప్ పీకేశా. పెరట్లో వేపచెట్టు కింద పది మీటర్లు కొలిచి గీత గీసిపెట్టా. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పాత పేపర్లు ఓ కట్ట తీసుకురా, నా పెట్టె ఖాళీ అయిపోయింది.

నీ మామయ్య