అందరూ నమ్మేశారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, హిస్టరీ చదివినప్పుడల్లా నాకు ఒకటే డౌట్. హిట్లర్ టైమ్‌లో జర్మనీలో అంత చదువుకున్నవాళ్ళు, ప్రొఫెసర్లు, డాక్టర్లు, వీళ్ళంతా హిట్లర్ ప్రభుత్వం చేసిన ప్రచారాన్ని నిజంగానే నమ్మేశారా, లేక భయపడి నమ్మినట్టు నటించారా?
(ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: నమ్మినవాళ్ళు చాలామందే ఉన్నారమ్మా, అది కాదనలేం. నటించినవాళ్ళూ ఉన్నారు. కానీ నన్ను బాగా బాధపెట్టేది మూడో రకం మనిషి. లోపల అనుమానం ఉంటుంది, అది తనకొక్కడికే ఉందేమో అనుకుంటాడు, నలుగురితో నారాయణ అని చెయ్యెత్తేస్తాడు. పక్కింటాయనా సరిగ్గా అలాగే అనుకుని చెయ్యెత్తుతాడు. నన్నడిగితే నియంతకి కావాల్సింది వీళ్ళే. అబద్ధాన్ని నమ్మించడం కష్టం గానీ, మిగతా అందరూ నమ్ముతున్నారు అనిపించడం చాలా తేలిక.

ఎలా చేశారో చూడండి. 1933 మార్చిలో హిట్లర్ అనుచరుడు గోబెల్స్ కోసం ప్రచార శాఖ అని ఒక మంత్రిత్వ శాఖే పెట్టారు. ఆగస్టుకల్లా చవక రేడియో ఒకటి దించారు, ధర 76 మార్కులు, దాని మోడల్ నెంబర్ 301, అంటే హిట్లర్ గద్దెనెక్కిన జనవరి 30 అన్నమాట, 1938లో అయితే 35 మార్కులకే ఇంకో చిన్న సెట్టు కూడా వచ్చింది. ఇంటింటికీ రేడియో వస్తే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ అన్ని ఇళ్ళలోనూ ఒకే గొంతు. పేపర్లవాళ్ళని బెర్లిన్‌లో రోజూ కూర్చోబెట్టి ఏ వార్త వెయ్యాలో, ఏది వెయ్యకూడదో, ఏ మాట వాడాలో చెప్పి పంపేవాళ్ళు. 1939 సెప్టెంబర్ 1న యుద్ధం మొదలైన రోజే విదేశీ రేడియో వినడం నేరం చేశారు, విన్నది ఇంకొకరికి చెబితే మరణశిక్ష దాకా వెళ్ళొచ్చు. ఆ హెచ్చరికతో ఒక చిన్న అట్టముక్క అచ్చేసి రేడియో బటన్‌కి తగిలించేవాళ్ళు. ఊహించుకోండి, సొంత ఇంట్లో, తలుపులేసుకుని, చెయ్యి బటన్ దాకా వెళ్ళగానే ఆ అట్ట వేళ్ళకి తగులుతుంది.

ప్రశ్న: ప్రచారం సరే, అచ్చయిపోయి జనాల ఇళ్ళకి చేరిపోయిన నిజాన్ని ఎలా మాయం చేస్తారండీ?
(ఒక లైబ్రరీ ఉద్యోగి)

జవాబు: మీ పని పుస్తకాలతోనే కాబట్టి ఇది మీకు ఎక్కువ గుచ్చుకుంటుంది. స్టాలిన్ దగ్గర రహస్య పోలీసులకి పెద్ద బెరియా. స్టాలిన్ పోయాక 1953లో ఆయన్ని అరెస్ట్ చేసి, డిసెంబర్‌లో కాల్చేశారు. అప్పటికే గ్రేట్ సోవియట్ ఎన్‌సైక్లోపీడియా ఐదో సంపుటంలో ఆయన మీద ఫొటోతో సహా పెద్ద వ్యాసం అచ్చయి జనాల అల్మరాల్లో ఉంది. 1954లో చందాదారులకి ఒక కవరు వచ్చింది, ఫలానా పేజీల్ని కత్తెరతోనో బ్లేడుతోనో కోసేసి, కుట్టు దగ్గర కాస్త అంచు వదిలి, ఇందులో పంపిన కొత్త పేజీలు అక్కడ అతికించుకోండి అని. కొత్త పేజీల్లో అక్షరక్రమంలో పక్కనే వచ్చే బేరింగ్ సముద్రం గురించీ ఇంకా అలాంటివాటి గురించీ సాగదీసి రాశారు. బెరియా చేసిన దుర్మార్గాలు తక్కువేం కాదు, ఆయన మీద నాకు జాలి లేదు. కానీ సెన్సార్ వాడు ఇంటికి రానక్కర్లేదు, కోసేది మీ చెయ్యే. కోసిన ప్రతి మనిషికీ అక్కడ ఏముండేదో తెలుసు, అయినా పక్కవాడితో అనడు.

ప్రశ్న: ఇంత బలమున్న ప్రభుత్వాలు మామూలు మనిషికి ఎందుకు భయపడతాయి?

జవాబు: రొమేనియాలో నియంత చౌషెస్కు 1983లో టైపురైటర్ ఉన్న ప్రతివాడూ పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలని, ఆ మిషన్ మీద కొట్టిన అక్షరాల నమూనా ఇవ్వాలని రూలు పెట్టాడు. ఎందుకంటే ఎవరో కొట్టిన ఒక్క కాగితం చేతికొస్తే చాలు, నాలాంటివాడు ఇంకొకడున్నాడని తెలిసిపోతుంది.

ప్రశ్న: మరి ఈ మౌనం అనే గోడ ఎప్పుడు పగులుతుంది?

జవాబు: ఒకేసారి పగలదు, ఇంటి విషయం దగ్గర బీట పడుతుంది. 1943 ఫిబ్రవరి 3న, రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌లో తమ సైన్యం ఓడిపోయిందని జర్మన్ రేడియో ప్రకటించింది, సైనికులంతా ఆఖరి తూటా దాకా పోరాడి నేలకొరిగారన్నట్టు చెప్పింది. నిజానికి సుమారు 91,000 మంది సోవియట్ సైన్యానికి ఖైదీలుగా దొరికారు, వాళ్ళ సేనాధిపతి ఫీల్డ్ మార్షల్ పౌలస్‌తో సహా. మాస్కో రేడియో ఖైదీల పేర్లు జర్మన్‌లో చదివేది. కొడుకు ఫ్రంట్‌కి వెళ్ళిన తల్లికి ఇక గోబెల్స్ ఏం చెబితే ఏంటి, ఆ అట్టముక్క పక్కకి తోసి, సౌండ్ తగ్గించి, చెవి రేడియోకి ఆనించి ఆ పేరు కోసం వినేది.