పెరోల్ మీద, అంటే శిక్ష మధ్యలో ఇచ్చే కొద్దిరోజుల సెలవు మీద, వచ్చిన ఖైదీ గడువుకి తిరిగి వెళ్లకపోతే ఏమవుతుంది?

ఎవర్నడిగినా ‘ఇంకో రెండేళ్లు పడుతుంది’ అంటారు. అబద్ధమేం కాదు. పోలీసులు మామూలుగా కస్టడీ నుంచి తప్పించుకున్నాడని కేసు పెడతారు. భారతీయ న్యాయ సంహితలో 262వ సెక్షను, పాత ఐపీసీలో 224. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కానీ నన్నడిగితే మొదటి దెబ్బ ఖైదీకి కాదు, జామీను సంతకం పెట్టినవాడికి.

మా పెదనాన్నగారి అబ్బాయికి యావజ్జీవం పడింది. పెద్దమ్మకి బాగోలేదని పెరోల్ ఇచ్చారు. సంతకం మా నాన్నది. రేపు వెళ్లిపోవాలనగా పెద్దమ్మని ఐసీయూకి మార్చారు. పొడిగింపుకి అర్జీ పెట్టాం, జవాబు లేదు. లాయరుగారు మాత్రం ‘అర్జీ పెట్టడం వేరు, ఆర్డరు రావడం వేరు. టైముకి లోపల ఉండమనండి, అక్కణ్ణించి మళ్లీ అడుగుదాం’ అని మొత్తుకుంటూనే ఉన్నారు. అన్నయ్య వింటేగా! ఎక్కడికీ పారిపోలేదు, ఐసీయూ బయటే కూర్చున్నాడు.

గడువు దాటిన మర్నాడు తెల్లారకముందే ఇద్దరు కానిస్టేబుళ్లు తలుపు కొట్టారు. మా ఇంటి తలుపు. నాన్న బనీనుతోనే బయటికొచ్చారు.

‘ఈ సంతకం మీదేనా?’

‘నాదేనండి.’

‘మనిషేడీ?’

‘ఆస్పత్రిలో, వాళ్లమ్మ దగ్గర.’

‘అయితే మీరు రండి స్టేషనుకి.’

రిటైరైన పోస్ట్‌మాస్టరు, జన్మలో పోలీస్ స్టేషను గుమ్మం తొక్కని మనిషి. చొక్కా వేసుకుని వస్తానంటే దానికీ ఒకడు వెంట లోపలికొచ్చి నిలబడ్డాడు. అన్నయ్య వచ్చి లొంగిపోయాక, మధ్యాహ్నం ఎప్పుడో వదిలారు.

ఇక ఖైదీ సంగతి. బయట ఉండిపోయిన రోజులు శిక్షలో లెక్కకు రావు. సంపాదించుకున్న రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, కోస్తారు. కొత్తగా పడే శిక్ష పాతదానికంటే కఠినమైన రకం కాకపోతే, పాతదాంట్లో మిగిలింది పూర్తయ్యాకే మొదలవుతుంది. వీటన్నిటికంటే, మళ్లీ సెలవు అడిగే మొహం ఉండదు. పెద్దమ్మ పోయినప్పుడు అన్నయ్య ఎస్కార్టు మధ్య వచ్చి, తలకొరివి పెట్టి, చీకటి పడేలోపే వెళ్లిపోయాడు. దినకార్యాలు చిన్నాడు చేశాడు.

పొడిగింపు అర్జీకి గడువులోపు అవుననో కాదనో చెప్పనివాళ్లకి ఈ తప్పులో వాటా లేదా? ఉందనే నేనంటాను. కోర్టులు ఒప్పుకోవులెండి.

టీవీ వాళ్ల సంగతి మరీ ఘోరం. పెరోలుకీ బెయిలుకీ తేడా తెలీదు, అందరూ ‘పరారీ’యే. బెయిలు మీద వచ్చి కోర్టుకి హాజరు కాకపోతే అది వేరే సెక్షను, 269, ఏడాది వరకు. కరోనా రోజుల్లో జైళ్లలో రద్దీ తగ్గించడానికి వదిలినవాళ్లని 15 రోజుల్లో లొంగిపొమ్మని 2023 మార్చి 24న సుప్రీంకోర్టు చెప్పింది. రానివాళ్ల మీద పుంఖానుపుంఖాలుగా వార్తలు. చెప్పిన టైముకి సంచీ సర్దుకుని గేటు దగ్గరికి వెళ్లినవాళ్ల గురించి ఒక్కడైనా చెప్పాడా?

మీ ఇంట్లో ఎవరైనా జామీను ఉంటే ఒక పని చేయండి. పొడిగింపు అర్జీ అందినట్టు ముద్ర వేయించిన కాపీ ఒకటి ఆ జామీనుదారు దగ్గరే ఉంచండి. సంతకం పెట్టి పూచీపడ్డ బాండు సొమ్ము కట్టమని నోటీసు వచ్చిన రోజున చూపించుకోవడానికి ఆ కాగితమైనా ఉంటుంది.