స్టార్‌డ్యూ వ్యాలీ మొదటి ఏడాది: ఎన్ని తడులు, ఎంత రాబడి

అడిగింది రెండు ప్రశ్నలు. ఇప్పుడు అందరూ ఏ గేమ్ ఆడుతున్నారు, ఎలా ఉంది అనేది ఒకటి. స్టార్‌డ్యూ వ్యాలీలో మొదటి సీజన్ అయిన స్ప్రింగ్ 12వ తేదీకి 60 మొక్కలు వేసినా చేతిలో 300 గోల్డే (ఆటలో డబ్బు) ఉంది, నీళ్లు పెట్టి నాలుగు చెట్లు కొట్టేసరికి ఎనర్జీ అయిపోతోంది, తప్పెక్కడ అనేది రెండోది. మొదటిదానికి జవాబు కూడా స్టార్‌డ్యూ వ్యాలీనే. 2016 ఫిబ్రవరిలో వచ్చిన పొలం సాగు ఆట, ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని చేసింది. 2024లో 1.6 అప్‌డేట్ వచ్చాక పాతవాళ్లు కూడా కొత్త పొలం మొదలుపెట్టి ఆడుతున్నారు. తీరిగ్గా కనిపిస్తుంది కానీ లోపల గట్టి లెక్కల ఆట ఇది, దీని గొప్పతనం అక్కడే ఉంది. తెలుగు భాష ఆప్షన్ లేదు, అదొక్కటే లోటు. రెండో ప్రశ్నకే వివరంగా రాస్తాను.

మీ తప్పు పంట ఎంపికలో లేదు, తడుల లెక్కలో ఉంది. పూర్తి ఎనర్జీ 270. ఆట మొదట్లో ఇచ్చే పారతో ఒక గడి (ఒక మొక్క పట్టే నేల) తవ్వితే 2 పోతుంది, మొదటి నీళ్ల క్యాన్‌తో ఒక గడి తడిపితే ఇంకో 2. 60 మొక్కలంటే రోజూ 120. మొదటి గొడ్డలితో పెద్ద చెట్టుకి 10 దెబ్బలు, మొద్దుకి 5, దెబ్బకి 2 చొప్పున చెట్టుకి 30. నాలుగు చెట్లకి మరో 120. అక్కడికే 240 అయింది. పైగా ఆ క్యాన్‌లో 40 తడులే పడతాయి, 41వ మొక్క దగ్గర ఆగి చెరువుకి వెళ్లి నింపుకోవాలి. ఆటలో 10 నిమిషాలంటే బయట 7 సెకన్లు, రోజు మొత్తం కలిపి 14 నిమిషాల చిల్లర. ఆ తిరుగుడుకే పొద్దున్న పూట గడిచిపోతుంది.

కాబట్టి పంటను అమ్మకం ధరతో చూడకండి. ఒక ఎనర్జీ పాయింటుకి ఎంత మిగులుతోందో చూడండి. పార్స్‌నిప్ గింజ 20, పంట 35, నాలుగు రోజులు. తవ్వకానికి 2, నాలుగు తడులకి 8, మొత్తం 10 ఖర్చు పెడితే మిగిలేది 15. పాయింటుకి ఒకటిన్నర గోల్డ్. బంగాళాదుంప 50 పెడితే 80, ఆరు రోజులు, పాయింటుకి రెండు పైచిలుకు. అప్పుడప్పుడు ఒక మొక్కకి రెండు దుంపలు పడతాయి కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. కేల్ అనే ఆకుకూర 70కి 110, పాయింటుకి సుమారు మూడు. కాలీఫ్లవర్ 80 పెడితే 175, పన్నెండు రోజులు, 26 పాయింట్లకి 95 మిగులు, అంటే మూడున్నర. ఇప్పుడు దీని పక్కన చేపల లెక్క పెట్టండి. గాలం ఒక్కసారి విసిరితే 8 పోతుంది. గనుల పక్కనున్న కొండ చెరువులో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా, ఏ సీజన్‌లోనైనా లార్జ్‌మౌత్ బాస్ పడుతుంది, ఒక్కోటి 100. చబ్ పడినా 50. విసిరిన ప్రతిసారీ చేప రాదు, చెత్త కూడా వస్తుంది. అయినా పార్స్‌నిప్ కంటే ఎన్నో రెట్లు నయం. మొదటి స్ప్రింగ్‌లో డబ్బు పొలంలో కాదు, చెరువులో ఉందని పాత ఆటగాళ్లు అనేది ఇందుకే.

గాలం కొనక్కర్లేదు. రెండో తేదీ ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది, సాయంత్రం 5 లోపు సముద్రం ఒడ్డుకి వెళితే చేపల కొట్టు విల్లీ వెదురు గాలం ఊరికే ఇస్తాడు. చేప తప్పిపోతోందంటే చాలామంది చేసే తప్పు బటన్ నొక్కి పట్టుకోవడం. గాలానికి తగిలాక తెర మీద వచ్చే ఆకుపచ్చ పట్టీలోనే చేప ఉండేలా చూడాలి, ఆ పట్టీ బంతిలాంటిది, పైకి వదిలేస్తే ఎగిరి కొట్టుకుంటుంది, కింద పడితే గెంతుతుంది. చిన్న చిన్న నొక్కులతో దాన్ని ఒకచోట నిలబెట్టడం ముందు నేర్చుకోవాలి, చేప వెంట పరిగెత్తడం తరవాత. అప్పటికీ చేతకాకపోతే విల్లీ దగ్గర 25 గోల్డ్‌కి ట్రైనింగ్ రాడ్ ఉంది. దానితో పట్టీ పెద్దదవుతుంది, కానీ మామూలు చేపలే పడతాయి. మూడు నాలుగు రోజులు వాడి పక్కన పెట్టేయండి. ఫిషింగ్ రెండో లెవెల్ తరవాత 1800 పెట్టి ఫైబర్‌గ్లాస్ రాడ్ కొంటే ఎర పెట్టవచ్చు, చేప త్వరగా తగులుతుంది.

ఇప్పుడు మీరు ఇవాళ చేయాల్సింది. రేపు 13, ఎగ్ ఫెస్టివల్. స్ట్రాబెర్రీ గింజలు అక్కడ అమ్ముతారు, ఒక్కోటి 100. మీ 300తో మూడే వస్తాయి. అందుకని ఇవాళ కొత్తగా ఏమీ నాటకండి, చెట్లు కొట్టకండి, నీళ్లు పెట్టి మిగిలిన ఎనర్జీ అంతా కొండ చెరువు దగ్గర ఖర్చు చేయండి. విల్లీ కొట్టు 5కి మూసేస్తాడని మధ్యలో పరిగెత్తనక్కర్లేదు. పడుకునే ముందు ఇంటి పక్క అమ్మకం పెట్టెలో వేస్తే చాలు, తెల్లారేసరికి డబ్బు చేతికొస్తుంది. ఎనర్జీ మాత్రం సున్నా దాకా దించకండి, దించితే మర్నాడు దాదాపు సగంతోనే లేస్తారు. అర్ధరాత్రి దాటాక పడుకున్నా కోత పడుతుంది. రాత్రి 2 దాటితే ఎక్కడున్నా కుప్పకూలి పడిపోతారు, ఇంట్లో లేకపోతే డబ్బు కూడా పోతుంది.

స్ట్రాబెర్రీ విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, పండగ రోజు రాత్రే నాటేయాలని. పండగ నుంచి తిరిగొచ్చేసరికి ఆటలో రాత్రి 10 అవుతుంది, చీకట్లో హడావిడిగా తవ్వుతారు. లెక్క చూడండి. ఎనిమిది రోజులకి మొదటి కాపు, తరవాత నాలుగు రోజులకోసారి. 13న నాటితే 21, 25 తేదీల్లో రెండు కాపులు. 16న నాటినా 24, 28 తేదీల్లో అవే రెండు కాపులు. సీజన్ 28 రోజులే కాబట్టి 16 దాటితే ఒక్కటే. కాబట్టి రాత్రి నిద్రపోయి, 14న పొద్దున్నే మడి సిద్ధం చేసి నాటండి. గింజ వేసిన రోజే తడి పెట్టాలి, లేకపోతే ఆ రోజు లెక్కలోకి రాదు. ఒక పండు 120 కాబట్టి గింజకి 140 మిగులు, పాయింటుకి అయిదు పైన. ఇంకా తెలివైన పని, కొన్న వాటిలో కొన్ని సామాన్ల పెట్టెలో దాచుకుని రెండో ఏడాది స్ప్రింగ్ 1న నాటడం. అప్పుడు 9, 13, 17, 21, 25 తేదీల్లో అయిదు కాపులు వస్తాయి.

ఈ తేదీల పట్టింపు కొత్తవాళ్లని ముంచుతుంది. మన దగ్గర కార్తె తప్పితే దిగుబడి తగ్గుతుంది. ఇక్కడ సీజన్ మారిన తెల్లారి ఆ సీజన్ పంటంతా ఎండిపోయి ఉంటుంది, ఒక్క రోజులో కోతకి వచ్చేదైనా సరే. మొక్కజొన్నలాంటి రెండు సీజన్ల పంటలకే మినహాయింపు. మరోవైపు ఒక రోజు నీళ్లు మరిచిపోతే మొక్క చావదు, పెరుగుదల ఒక రోజు ఆగుతుంది, అంతే. ఎనర్జీ చాలని రోజున ఏ మడిని వదిలేయాలో ఎంచుకునే వెసులుబాటు దీనివల్లే దొరుకుతుంది. కోతకి ఇంకా చాలా రోజులుండి, ఒక రోజు ఆలస్యమైనా సీజన్ లోపే కోతకి వచ్చేదాన్ని వదిలేయండి.

క్యాన్‌ని రాగిదిగా మార్చడానికి కమ్మరి క్లింట్‌కి 2000 గోల్డ్, 5 రాగి కడ్డీలు ఇవ్వాలి, రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ చేతిలో క్యాన్ ఉండదు, తేదీ చూసుకోకుండా ఇచ్చేవాళ్లు అక్కడ దొరికిపోతారు. టీవీలో వాతావరణం చూసి, రేపు వాన అని చెప్పిన రోజున పొద్దున్నే నీళ్లు పెట్టేసి ఇవ్వండి. మర్నాడు వాన తడుపుతుంది, ఎల్లుండి కొట్టు తెరవగానే తెచ్చుకోవచ్చు. వాన పడకపోతే ఇంకో దారి, సీజన్ 27న నీళ్లు పెట్టాక ఇవ్వడం. 28న పెట్టే తడి వల్ల ఎలాగూ ఏ ప్రయోజనం లేదు. రాగి క్యాన్‌లో నీళ్లు 55 తడులకి వస్తాయి, బటన్ పట్టి ఉంచితే వరసగా మూడు గడులు తడుస్తాయి.

అసలు విముక్తి రోజూ వాటంతటవే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లతో వస్తుంది. ఫార్మింగ్ రెండో లెవెల్‌లో దొరికే మామూలు స్ప్రింక్లర్ నాలుగు పక్కల గడులనే తడుపుతుంది. ఒక రాగి, ఒక ఇనుప కడ్డీ ఖర్చు. దాని మీద ఇనుము తగలేయడం దండగని నా అభిప్రాయం, దీనితో ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఆరో లెవెల్‌లో వచ్చే క్వాలిటీ స్ప్రింక్లర్ చుట్టూ ఎనిమిది గడులు తడుపుతుంది. ఒక్కోదానికి ఒక ఇనుప కడ్డీ, ఒక బంగారు కడ్డీ, ఒక రిఫైన్డ్ క్వార్ట్‌జ్. ఆరు చేసుకుంటే 48 మొక్కలకి చెయ్యి పెట్టే పని లేదు. ఆరింటికి 30 ఇనుప ఖనిజం, 30 బంగారు ఖనిజం, 6 క్వార్ట్‌జ్, 18 బొగ్గు కావాలి. అందరూ తక్కువ అంచనా వేసేది ఆ చివరిదాన్నే. కరిగించేటప్పుడు ప్రతి కడ్డీకీ, ప్రతి క్వార్ట్‌జ్‌కీ ఒక బొగ్గు పోతుంది, క్లింట్ దగ్గర కొంటే మొదటి ఏడాది ఒక్కోటి 150. దొరికిన బొగ్గుని వేరేవాటికి తగలబెట్టకుండా దాచండి.

గనులు 5వ తేదీన తెరుచుకుంటాయి. ప్రతి అయిదు అంతస్తులకి లిఫ్ట్ ఆగుతుంది కాబట్టి రోజుకి అయిదు దిగినా నష్టం లేదు. మొదట రాగి, 40 దాటితే ఇనుము, 80 దాటితే బంగారం. 40కీ 80కీ మధ్య ఉండే నల్లటి చిన్న రాక్షసులు, డస్ట్ స్ప్రైట్లు, బొగ్గు రాలుస్తాయి, రాళ్లు కొట్టి వెతకడం కంటే వాటిని కొట్టడం సులువు. కత్తి ఊపడానికి ఎనర్జీ ఖర్చు ఉండదు, పలుగుకే ఉంటుంది. కాబట్టి వాన పడ్డ రోజు, అంటే క్యాన్ పట్టక్కర్లేని రోజు, గనుల రోజు. మొదటి ఏడాది స్ప్రింగ్ 3న వాన ఖాయంగా పడుతుంది కానీ అప్పటికి గనులు తెరవరు, ఆ రోజు చేపలకే. స్ప్రింగ్ 15 నుంచి 18 దాకా పొదల నిండా సాల్మన్‌బెర్రీలు కాస్తాయి. ఊరంతా తిరిగి కోసుకోండి, ఒక్కోటి తింటే 25 ఎనర్జీ. వాటిని అమ్మేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

సమ్మర్ వచ్చిందంటే లెక్క తిరగబడుతుంది. బ్లూబెర్రీ గింజ 80. పదమూడు రోజులకి మొదటి కాపు, తరవాత నాలుగు రోజులకోసారి, కోసినప్పుడల్లా మూడు పళ్లు, పండు 50. సమ్మర్ 1న నాటితే 14, 18, 22, 26న నాలుగు కాపులు, గింజకి 520 మిగులు. తవ్వకం, 25 తడులు కలిపి 52 పాయింట్లు, పాయింటుకి పది గోల్డ్. చేపలతో పోటీ పడే మొదటి పంట ఇదే. 3 దాటి నాటితే ఒక కాపు పోతుంది, అందుకే గింజల డబ్బు స్ప్రింగ్ 28 రాత్రికే చేతిలో ఉండాలి. గింజలమ్మే పియర్ కొట్టుకి బుధవారం సెలవని గుర్తుంచుకోండి. ఫాల్‌లో క్రాన్‌బెర్రీ అలాంటిదే. 240 గింజ, ఏడు రోజులకి మొదటి కాపు, తరవాత అయిదు రోజులకోసారి రెండేసి పళ్లు, 1న నాటితే అయిదు కాపులు, 510 మిగులు. గుమ్మడి గింజ 100, పంట 320. ఒక్క సీజన్‌లో రెండుసార్లు నాటవచ్చు, మిగులు 440. తడులు ఇంచుమించు అన్నే కాబట్టి డబ్బుకి క్రాన్‌బెర్రీదే పైచెయ్యి. అయినా గుమ్మడి కొన్ని వేయండి, ఊళ్లోని పాత కమ్యూనిటీ సెంటర్‌ని బాగుచేయడానికి ఇవ్వాల్సిన క్వాలిటీ క్రాప్స్ బండిల్‌కి (వస్తువుల జాబితా) బంగారు నక్షత్రం నాణ్యత ఉన్నవి ఒక్కో రకం అయిదేసి కావాలి. పార్స్‌నిప్, పుచ్చకాయ, మొక్కజొన్న, గుమ్మడి, ఈ నాలుగింటిలో మూడు రకాలు ఇస్తే సరిపోతుంది. నాణ్యత పెంచే ఎరువు మడికి గింజ మొలకెత్తక ముందే వేయాలి, తరవాత వేద్దామంటే కుదరదు.

దిష్టిబొమ్మ మరిచిపోకండి. ఫార్మింగ్ మొదటి లెవెల్‌లోనే వస్తుంది, 50 కర్ర, ఒక బొగ్గు, 20 ఫైబర్. ఎనిమిది గడుల దూరం దాకా కాకుల్ని ఆపుతుంది. మీ 60 మొక్కలకి అది లేకపోతే, రోజూ ఒకటో రెండో మొక్కలు మాయమైపోవడానికి కారణం అదే. పందిరి పంటలైన బీన్స్, హాప్స్ మీదుగా నడవలేరు, వాటిని రెండేసి వరసలుగా వేసి మధ్య దారి వదలండి. మూడు వరసలు కలిపి వేస్తే మధ్య వరస కోయడానికి చెయ్యి అందదు.

పొలం మ్యాప్ ఏది ఎంచుకున్నారో మీరు రాయలేదు. బీచ్ ఫార్మ్ అయితే పైన చెప్పిన స్ప్రింక్లర్ల సలహా మీకు పనికిరాదు, ఇసుకలో అవి పని చేయవు, కొద్దిపాటి మట్టి నేలలో తప్ప. అలా అయితే, 12వ తేదీయే కదా అయింది, స్టాండర్డ్ పొలంతో మళ్లీ మొదలుపెట్టండి. 15 పార్స్‌నిప్ గింజలు ఊరికే వస్తాయి, మొదటి వారం అంతకు మించి నాటకుండా గాలం పట్టండి.