బర్లింగ్టన్ ప్రభువు డబ్బు మాత్రమే పెట్టాడా?

"డబ్బిచ్చింది బర్లింగ్టన్, పని చేసింది ఆర్కిటెక్టులు, మరి పేరు ఈయనకెందుకు?" అని అడిగారు. చాలామంది పోషకుల విషయంలో మీ అనుమానం సబబే. పద్దెనిమిదో శతాబ్దపు ఈ ఇంగ్లీషు ప్రభువు సంగతి వేరు. లండన్‌లో ఈయన కట్టించిన విల్లా, చిజ్విక్ హౌస్‌కి దగ్గర్లో ఆరేళ్లు ఉన్నాను. తోటకి టికెట్ లేదు కాబట్టి వారానికి రెండుసార్లైనా వెళ్లేవాణ్ణి.

ఈయన 1719లో ఇటలీలోని విచెంజాకి వెళ్లి, ఇటాలియన్ ఆర్కిటెక్టు పల్లాడియో 1570లో భవన నిర్మాణం మీద అచ్చువేసిన గ్రంథాన్ని చేతపట్టుకుని ఆయన కట్టడాలను చూసి, అంచుల్లో నోట్సు రాసుకున్నాడు. తిరిగొచ్చాక, 1720ల చివర్లో, చిజ్విక్ విల్లాకి ప్లాను తనే గీశాడు.

సివిల్ ఇంజనీరుగా రిటైరైన మా నాన్నగారు వచ్చినప్పుడు అది చూపించాను. అంతా తిరిగి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "వంటిల్లెక్కడ్రా?"

లేదు. వంటా కాపురమూ పక్కనున్న పాత ఇంట్లో. ఇది చిత్రాలకీ, పుస్తకాలకీ, అతిథులకీ. తర్వాత ఆయన చూపు కప్పు మీదికి పోయింది. పొగగొట్టాలకి సూదిమొన స్తంభాల వేషం వేశారు! విచెంజా దగ్గర పల్లాడియో కట్టిన రొటొండా విల్లాకి ఇది నకలంటారు గానీ, అక్కడి గోపురం గుండ్రం, ఇక్కడిది ఎనిమిది పలకలు. దాని కింద రోమన్ స్నానశాలల తరహా అర్ధచంద్రాకారపు కిటికీలు. చలికాలం నాలుగింటికే చీకటిపడే ఊళ్లో ఆ వెలుతురు ఎంత అవసరమో అక్కడున్నవాళ్లకి తెలుస్తుంది. "కాపీ కొట్టినోడు ఇంత ఆలోచించడు" అన్నారు నాన్నగారు.

తోట కథ వేరు. విలియం కెంట్‌ని చిత్రకారుడని నమ్మి బర్లింగ్టన్ ఇటలీ నుంచి వెంటబెట్టుకొచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. నన్నడిగితే కెంట్ బొమ్మలు అంతంతమాత్రమే. కానీ తోట అప్పజెప్పాక మనిషి సత్తా తేలింది. అంతకుముందు బర్లింగ్టన్ వేయించినవి తిన్నటి బాటలు, ఒక్కోదాని చివర ఒక చిన్న కట్టడం. కెంట్ వచ్చి తిన్నటి కాలువ ఒడ్డుల్ని వంపులు తిప్పి, పచ్చికని నీళ్లదాకా వాలుగా వదిలాడు. పాత బాటలు, కొత్త వంపులు ఇప్పటికీ పక్కపక్కనే కనిపిస్తాయి. చూపుకి అడ్డం రాకుండా కంచె బదులు కందకం కూడా ఉంది. దాని పేరు నిజంగానే 'హాహా'.

వెళ్తే ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లండి, గాజుటింట్లో కమీలియాలు పూసి ఉంటాయి. వాటికీ బర్లింగ్టన్‌కీ సంబంధం లేదు లెండి, ఆ గాజుటిల్లు 1813 నాటిది.