హీటింగ్ బిల్లు గురించి మేనకోడలికి

చి. సౌ. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన బిల్లు ఫొటో చూశాను. దాని కింద పెట్టిన మూడు ఏడుపు బొమ్మలూ చూశాను. "పగలంతా ఇంట్లో ఎవరమూ ఉండం, ఇంత ఎలా వస్తుంది మామయ్యా" అన్నావు. మనం ఇంట్లో లేమని హీటర్ ఊరుకోదమ్మా. చలి దేశంలో 30 చలికాలాలు గడిపినవాణ్ణి, ఇలాంటి బిల్లులు చూసి కాళ్ళ కింద నేల కదిలిన రోజులు నాకూ ఉన్నాయి. టెన్షన్ పడకుండా బిల్లు ముందు పెట్టుకుని కూర్చో.

ముందు ఆ కింద పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తాన్ని అరచేత్తో మూసెయ్. డబ్బును చూస్తే కోపం వస్తుంది తప్ప కారణం తెలియదు. రేటు పెరిగినా, పాత బాకీ కలిసినా, నెలవారీ స్థిర చార్జీ మారినా అన్నీ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోతాయి. నువ్వు చూడాల్సింది యూనిట్లు. ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులకు, రీడింగ్ నిజంగా తీసిందా లేక అంచనా వేసిందా?

నీ ఫొటోను పెద్దది చేసి చూస్తే నాకు రెండు విషయాలు దొరికాయి. ఈ బిల్లు 34 రోజులది, పోయిన బిల్లు 29 రోజులది. ఆ తేడాయే దాదాపు ఆరో వంతు. రెండోది ఇంకా ముఖ్యం. పోయిన నెల రీడింగ్ పక్కన ఎస్టిమేటెడ్ అని చిన్న అక్షరాల్లో ఉంది, ఈ నెల యాక్చువల్ అని ఉంది. అంటే పోయిన నెల ఎవరూ మీటర్ చూడలేదు, ఉజ్జాయింపుగా ఒక అంకె వేసి పంపారు. వాళ్ళు తక్కువ వేసి ఉంటే, అప్పుడు తగ్గినదంతా ఇప్పుడు నీ నెత్తిన పడింది. పోయిన బిల్లు చూసి నువ్వు "పర్లేదే, చవకే" అని మురిసిపోయావు గుర్తుందా? రెండు బిల్లుల యూనిట్లూ కలిపి 63తో భాగించు. వచ్చేదే నీ ఇంటి అసలు రోజువారీ వాడకం. దాన్ని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, ఇక నుంచి ప్రతి నెలా దాంతోనే పోల్చు.

అదయ్యాక చలి లెక్క. ఇంట్లో 21 డిగ్రీలు పెట్టుకున్నావనుకో. బయట 10 ఉంటే తేడా 11. బయట మైనస్ 1కి పడిపోతే తేడా 22. ఇంట్లో వేడి గోడల్లోంచి, కిటికీల్లోంచి బయటికి జారిపోయే వేగం ఇంచుమించు ఆ తేడాను బట్టే ఉంటుంది. ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టుకునే థర్మోస్టాట్ మీద నువ్వు చెయ్యి కూడా వెయ్యకుండానే హీటర్ రెట్టింపు పని చేస్తుందన్నమాట. "మేం ఏమీ మార్చలేదు" అని అందరూ అనేది అందుకే, అది నిజమే కూడా. మారింది బయట.

ఇక మీ ఇంట్లో ఉన్నది హీట్ పంప్ అన్నావు కాబట్టి నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. మేం కొత్త ఇంట్లోకి మారిన మొదటి జనవరి. అర్ధరాత్రి మీ అత్తయ్య పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయంది. లేచి వెళ్ళి థర్మోస్టాట్ మీట చూస్తే ఎమర్జెన్సీ హీట్ అని ఒకటి కనిపించింది. మనదీ ఎమర్జెన్సీయే కదా అని అటు తిప్పేశాను. ఎర్ర దీపం వెలిగింది. ఇల్లు హాయిగా వెచ్చబడింది. మూడు వారాల పాటు ఆ ఎర్ర దీపం ముందు నుంచే నడిచాను, బాగా పనిచేస్తోందని సంతోషిస్తూ! బిల్లు వచ్చాక మీటర్ పాడైందని ఫోన్ చేసి అరగంట గొడవపడ్డాను. అవతలి అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "మీ థర్మోస్టాట్ మీద ఎర్ర దీపం వెలుగుతోందా సార్" అని అడిగింది.

సంగతేమిటంటే, హీట్ పంప్ వేడిని తయారు చెయ్యదు, బయటి గాలిలో ఉన్న వేడిని లాగి లోపలికి తెస్తుంది. వాతావరణం మరీ ఘోరంగా లేకపోతే ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఎమర్జెన్సీలో పెడితే ఆ పంప్ ఆగిపోయి, లోపలి కరెంటు కాయిల్స్ మాత్రమే కాలుతాయి. అక్కడ ఒక యూనిట్‌కి ఒక యూనిటే. పంప్ చెడిపోయినప్పుడు తప్ప దాని జోలికి వెళ్ళకు. మామూలు మోడ్‌లోనూ ఒక చిక్కుంది. ఆఫీసు నుంచి వచ్చి 16 నుంచి ఒకేసారి 24కి పెంచితే, పంప్ ఒక్కటే అందుకోలేదని చాలా థర్మోస్టాట్లు ఆ కాయిల్స్‌ను తోడు తెచ్చుకుంటాయి. 28 పెట్టినంత మాత్రాన గది త్వరగా వేడెక్కదు, ఆగాల్సిన చోట ఆగకుండా పోతుందంతే. పగలు రెండు మూడు డిగ్రీలు తగ్గించి, సాయంత్రం కొంచెం కొంచెంగా పెంచుకో.

అల్లుడు రాత్రిళ్ళు పనిచేసుకునే గదిలో చిన్న హీటర్ పెట్టుకున్నాడని నువ్వే చెప్పావు. దాని వెనక చీటీ చూడు, 1500 వాట్లు అని ఉంటుంది. గంటకు ఒకటిన్నర యూనిట్. ఎనిమిది గంటలకు 12. నెలకు 360. ఇల్లంతా హీటింగ్ బాగా తగ్గించి ఆ ఒక్క గదిలో అది వాడుకుంటే తెలివే. ఇల్లంతా 22లో ఉండగా అది కూడా తిరుగుతుంటే దండగ. మెత్తగా చెప్పు, అలుగుతాడు.

స్నానాల సంగతి కూడా. చలికాలంలో కుళాయి నీళ్ళే చల్లగా వస్తాయి కాబట్టి అదే స్నానానికి ఎక్కువ ఖర్చు. 10 డిగ్రీల నీళ్ళు 90 లీటర్లు 40కి తేవాలంటే సుమారు మూడు యూనిట్లు. పది నిమిషాల షవర్‌కి అన్ని నీళ్ళు తేలిగ్గా పోతాయి. తర్వాత బాత్‌రూమ్ ఫ్యాన్ ఆపడం మరిచిపోతే, డబ్బు పెట్టి వేడి చేసిన గాలిని రోజంతా బయటికి తోస్తూనే ఉంటుంది.

గాలి బాగా వీచే రోజు ఒక అగరుబత్తి వెలిగించి, పరదాలకు దూరంగా పట్టుకుని, కిటికీ అంచుల వెంట, తలుపు కింద, బయటి గోడలకున్న స్విచ్ బోర్డుల దగ్గర, అటక మూత దగ్గర నెమ్మదిగా తిప్పు. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకు వంగిందంటే అక్కడ సందు ఉంది. మా ఇంట్లో అతిథుల గదిలో పరదా వెనక కిటికీ వేలెడంత తెరిచి ఉండడం ఇలాగే బయటపడింది, అప్పటికి చలికాలం సగం అయిపోయింది. సందులకు రబ్బరు పట్టీ అంటించు. అయితే గ్యాస్ పరికరాలకు గాలి అందే రంధ్రాలను మాత్రం ఎప్పుడూ మూయకు. చలి తట్టుకోలేక గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచిపెట్టి గది వేడి చేసుకునేవాళ్ళు ఉన్నారు, ఆ పని కూడా వద్దు. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన కూడా ఉండదు.

హీటింగ్‌కి గాలి వెళ్ళే ఫిల్టర్ ఎన్నాళ్ళయింది మార్చి? తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. వెలుతురు కనబడకపోతే మార్చెయ్.

ఇవన్నీ చూసినా లెక్క కుదరకపోతే అప్పుడు మీటర్ మీద అనుమానపడు. నీది అపార్ట్‌మెంట్ కాబట్టి బిల్లు మీద ఉన్న మీటర్ నంబరూ, కింద గోడకున్న మీటర్ నంబరూ ఒకటేనా కాదా ముందు చూడు. పక్కవాళ్ళ మీటర్ మన పేరు మీద ఉండడం వినడానికి జోకులా ఉంటుంది గాని, జరుగుతుంది. నంబరు సరిపోతే ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి ఐదు నిమిషాలు మీటర్ దగ్గర నిలబడు. అప్పుడు కూడా అది కదులుతుంటే కంపెనీకి ఫోన్ చేసి మీటర్ టెస్ట్ అడుగు. నాలా ముందే అరవకు. ఒకేసారి కట్టడం కష్టమైతే వాయిదాలు ఇస్తారేమో కూడా అడుగు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మీటర్ ఫొటో ఒకటి, వచ్చే ఆదివారం అదే టైముకి ఇంకొకటి తీసి పంపు. థర్మోస్టాట్ ఫొటో మాత్రం ఇప్పుడే పంపు, ఎర్ర దీపం ఉందో లేదో చూడాలి.

ఇట్లు
మామయ్య