జాతిహననం ముగిసి ముప్ఫై ఏళ్లయినా బాధితుల మనసు ఎందుకు కుదుటపడదు?
ఆఫ్రికా దేశం రువాండానే చూడండి. 1994లో దాదాపు వంద రోజుల్లో లక్షలాది టుట్సీ తెగవాళ్లను చంపేశారు. చంపినవాళ్లలో చాలామంది ఇరుగుపొరుగువాళ్లే, ఒకే చర్చికి వెళ్లినవాళ్లే. నా దృష్టిలో అసలు దెబ్బ అదే: మనిషి మీద నమ్మకం పోయింది. ఏటా ఏప్రిల్ 7న సంతాప వారం మొదలవగానే పాత భయం తిరగబెడుతుంది. సభలో మౌనంగా కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కేకలు పెడుతూ పరుగెత్తబోతారు, వాలంటీర్లు పట్టుకుని బయటికి తీసుకెళ్తారు. నిద్రలేమి, డిప్రెషన్ సరేసరి.

2012 వరకు నడిచిన గచాచా అనే ఊరి కోర్టులు ఎన్నో నిజాలు బయటపెట్టాయి, శవాలను ఎక్కడ పూడ్చారో చెప్పించాయి. కానీ సాక్ష్యం చెప్పాలంటే ఆ రోజును మళ్లీ కళ్లముందుకు తెచ్చుకోవాలి. పైగా శిక్ష పూర్తయినవాడు తిరిగి అదే ఊరికి వస్తాడు. అత్యాచారాల వల్ల పుట్టిన పిల్లల బాధ మరీ ఘోరం: నాన్న ఎవరని అడిగితే అమ్మ దగ్గర చెప్పగలిగే జవాబు ఉండదు.